ఏదీ తిరగని రోజు

ఆ శనివారం పొద్దున గిరిజ ఉప్మాలో జీడిపప్పు వేసింది. మామూలు రోజుల్లో వేయదు. రేపు ప్రయాణం పెట్టుకున్న మనిషికి ఇవాళ నాలుగు జీడిపప్పులు ఎక్కువ వేస్తే ఏదో తీరిపోతుందని మనకు ఎవరు నేర్పారో గానీ, అందరం ఆ పనే చేస్తాం.

ఎనిమిది దాటినా కిటికీ బయట చీకటిగానే ఉంది. జర్మనీలో పైకి, ఇంకా పైకి వెళితే, నేల అయిపోయి సముద్రం మొదలయ్యాక వచ్చే ద్వీపం ఫ్యోర్. డిసెంబరులో అక్కడ తెల్లవారేసరికి తొమ్మిదవుతుంది, నాలుగింటికల్లా మళ్ళీ లైట్లు వేసుకోవాలి. గిరిజ అక్కడ ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. తుంటి విరిగినవాళ్ళనూ పక్షవాతం వచ్చినవాళ్ళనూ చెయ్యి పట్టుకుని నడిపించడం ఆమె ఉద్యోగం. ఎనిమిదేళ్ళలో ఎందరు జర్మన్ ముసలమ్మల చేత మళ్ళీ మెట్లెక్కించిందో లెక్క లేదు. సొంత తండ్రిని మాత్రం చక్రాల కుర్చీలోంచి లేపలేకపోయింది.

ఆ తండ్రి పేరు దశరథం. జగిత్యాల డిపోలో ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డ్రైవరుగా చేశాడు. భార్య జయలక్ష్మి పోయి నాలుగేళ్ళయింది. ఏప్రిల్‌లో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఒక్కగానొక్క కూతురు పరుగెత్తుకుంటూ వెళ్ళి, సెప్టెంబరులో వెంటబెట్టుకుని తెచ్చుకుంది. చుట్టపుచూపుకు ఇచ్చే తొంభై రోజుల వీసా. ముందు లోపలికి వస్తే తర్వాత ఏదో ఒకటి చూసుకోవచ్చులే అనుకున్నారు. మన దగ్గర అన్నీ అలాగే కదా జరిగేది. ఇక్కడ అలా జరగదు. టెర్మిన్ మీద టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్లు, తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. కాగితాలన్నీ తిరగేసిన లాయరమ్మ, తల్లిదండ్రులకు ఇలా ఉండిపోయే దారి లేదు, ఆశ పెట్టుకోకండి అని మర్యాదగా చెప్పింది. ఇరవై రెండో తారీఖుతో గడువు అయిపోతుంది. ఇవాళ ఇరవై.

పెట్టె సర్దుతూ గిరిజ గోడ అరలో ఉన్న తండ్రి సామానుకు చెయ్యి చాచింది. గడ్డం గీసుకునే డబ్బా, రెండో కళ్ళజోడు, ఈ ద్వీపం చలికి కొన్న ఉన్ని టోపీ, చిన్న ఫ్రేములో జయలక్ష్మి ఫోటో.

“గవెందుకు సదురుతున్నవ్? ఉండనియ్యి,” అన్నాడు దశరథం. “ఎండకాలం మల్ల అచ్చేదే గద. ఊకె మోసుడెందుకు. మీ అమ్మ గీడ్నే ఉంటది, సముద్రం సూసుకుంట.”

గిరిజ ఫోటోను మళ్ళీ అరలో పెట్టింది. ఎండాకాలం ఆయన రావడం లేదు. హైదరాబాదులో మూడు నెలలు మంచి వైద్యం చేయించుకుని మళ్ళీ ఇక్కడికే వస్తావని చెప్పారు, ఆయన నమ్మాడు. నిజానికి కరీంనగర్ అవతల ఒక వృద్ధాశ్రమంలో గది తీసుకున్నారు. గిరిజ భర్త అఖిలేష్ రేపు ఆయనను తీసుకెళ్ళి, అక్కడ దింపి, కొత్త సంవత్సరం రాగానే ఒక్కడే తిరిగి వస్తాడు.

అఖిలేష్ చెడ్డవాడని అనుకోకండి. హానోవర్‌లోని ఒక కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తాడు కాబట్టి మూడు నెలలుగా మామగారిని లేపింది, కూర్చోబెట్టింది, స్నానం చేయించింది అతనే. అల్లుడి చేత ఒళ్ళు రుద్దించుకోవడానికి మొదటివారం దశరథం సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత అలవాటు పడ్డాడు. పడక ఏం చేస్తాడు?

అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఉప్మా వడ్డిస్తూ గిరిజ జర్మన్‌లోకి మారిపోయింది. ఆ ఇంట్లో అదొక అలవాటు. వెనకటికి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలకు తెలియకూడదనుకుంటే ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. ఇక్కడ ముసలాయనకు తెలియకూడదని మొగుడూ పెళ్ళామూ జర్మన్‌లో మాట్లాడుకుంటున్నారు. మామూలు గొంతుతో, మధ్యమధ్య నవ్వుతూ, వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నట్టు. ఆశ్రమంవాళ్ళు ఫోన్ చేశారనీ గది సిద్ధమనీ ఆమె చెప్పింది. మరి ఆయనకు ఎప్పుడు చెబుదామని అతను అడిగాడు. ఇప్పుడొద్దు, అక్కడ దింపి వారం గడిచాక నువ్వే చెప్పు, అప్పటికి అలవాటు పడతాడు అంది. ఇక ఆఖరి దాకా అక్కడేనని కూడానా అన్నాడు అఖిలేష్. అది చెప్పక్కర్లేదు, తనకే తెలుస్తుంది అని గిరిజ తండ్రి కంచంలో ఇంకో గరిటె ఉప్మా వేసింది.

ఈ తెలివైన వాళ్ళిద్దరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆ బల్లకు నాలుగో వైపు వాళ్ళ ఏడేళ్ళ కూతురు ఈషా కూర్చుని ఉంది. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే. తెలుగు తల్లిదండ్రుల దగ్గర నేర్చుకుంది గానీ, కలలు కనేది జర్మన్‌లో. చెంచా నోటి దగ్గరే ఆపుకుని ప్రతి మాటా వింది. తాతవైపు చూసింది. తాత ఉప్మా బాగుందని తల ఊపుతున్నాడు.

గిరిజ శనివారం డ్యూటీకి వెళ్ళిపోయింది. తాతా మనవరాలూ బస్సాట మొదలుపెట్టారు.

ఈ ఆట సెప్టెంబరు నుంచీ నడుస్తోంది. వంటింటి గుమ్మం జగిత్యాల బస్టాండు, ఫ్రిజ్ దగ్గర రాయికల్, వీధి తలుపు ధర్మపురి. ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేసిన మనిషి మనవరాలి బండిలో కండక్టరయ్యాడు. వెనక నిలబడి కుర్చీ తోసే డ్రైవరు ఈషా. ఆటకు రూలు ఒక్కటే, అది దశరథం ఖచ్చితంగా నేర్పాడు. కండక్టరు రైట్ రైట్ అనందే బండి కదలకూడదు. హోల్డాన్ అంటే నడిరోడ్డు మీదైనా సరే ఆపి బ్రేకు వేయాలి. డ్రైవరుకు తొందరున్నా, కోపమున్నా, మాట మాత్రం కండక్టరుదే. ఈషా ఆ రూలు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయన కావాలని ఫ్రిజ్ ముందు హోల్డాన్ అని పది నిమిషాలు మర్చిపోయినట్టు నటించినా, బ్రేకు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడేది.

ఆ పొద్దున ఆట మధ్యలో ఈషా తాతకు ఒక సంగతి చెప్పింది. ఇవాళ సాయంత్రం ఊళ్ళో పిల్లల పండుగ. పేరు టామ్సెన్. రేపు ఏడాదిలోకెల్లా చిన్న పగలు. ఆ రోజు చక్రమనేది ఏదీ తిరగకూడదని ఈ ద్వీపంలో పాత నమ్మకం. సూర్యుడే అలిసి ఆగే రోజట, ఇంకేదీ కదిలి ఆయన్ని కదిలించకూడదట. అందుకని ముందురోజు పొద్దు వాలగానే పిల్లలు ఊరంతా తిరిగి, ఇళ్ళ బయట చక్రమున్న వస్తువు ఏది కనిపిస్తే అది, సైకిలు, తోటబండి, పసిపిల్లల బండి, అన్నీ ఎత్తుకుపోయి అగ్నిమాపక కేంద్రం ముందు కుప్ప వేస్తారు. ఎవరూ తిట్టరు. తిట్టకపోగా పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి కావాలనే బయట వదులుతారు. తెల్లారాక నవ్వుకుంటూ వెళ్ళి ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారు. ఈషాను ఇన్నాళ్ళూ చిన్నపిల్లవని రానివ్వలేదు. ఈ ఏడాది స్నేహితురాలు కైకె, వాళ్ళన్నయ్య వచ్చి పిలుచుకుపోతామన్నారు.

దశరథానికి ఇది తెగ నచ్చింది. “అంటే సమ్మె అన్నట్టు,” అన్నాడు. “మేము సమ్మె చేసిన్నాడు డిపోల ఒక్క చక్రం కదల్నియ్యలే. మస్తు జోరుగ చేసినం.”

“చక్రం తిరగకపోతే ఎవరూ ఊరికి పోరా?” అని అడిగింది ఈషా.

“ఎట్ల పోతరు? యాడోళ్ళు ఆడ్నే.”

ఆయన నవ్వుతూ అన్నాడు. పిల్ల నవ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి అఖిలేష్ ప్రయాణానికి మందులు తేవడానికి టౌనుకు వెళ్ళాడు. గంటలో వస్తానన్నాడు. అతని కారు సందు దాటగానే ఈషా తాతను వీధి తలుపు దాకా తోసుకొచ్చింది. చెప్పులు వేసుకోవడానికి అక్కడ ఒక చెక్కబెంచీ ఉంటుంది. దాని మీద కూర్చోమంది. ఇంట్లోంచి తాము కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా, సైకిలు పాడైపోయింది, కుర్చీ ఇద్దామంది.

దశరథం కుడిచేత్తో గోడకున్న కొక్కెం పట్టుకుని, కుడికాలి మీద బరువు వేసి, అతి కష్టం మీద బెంచీ మీదికి జారాడు. ఆయనకదీ ఆటే. మనవరాలి కోసం పావుగంట బెంచీ మీద కూర్చుంటే వచ్చే నష్టమేముంది?

“రేపు ఏదీ తిరగదు తాతా,” అంది ఈషా కోటు గుండీలు పెట్టుకుంటూ. “నువ్వు పోవు.”

“పోయి ఎండకాలం అస్త గద బిడ్డ.”

పిల్ల తల అడ్డంగా ఊపింది. “రావు. అమ్మ చెప్పింది. పొద్దున్న, తినేటప్పుడు.”

ఆయన మొదట నవ్వాడు. అప్పుడు ఆ పిల్ల, తనకొచ్చిన ఆ కాసిన్ని తెలుగు మాటల్లో, బల్ల దగ్గర విన్నదంతా వరసగా అప్పజెప్పింది. కరీంనగర్‌లో ఒక హోం ఉంది. ముసలివాళ్ళుంటారు. నీకు రూం రెడీ. ఇప్పుడు చెప్పొద్దట. నాన్న నిన్ను అక్కడ పెట్టి, వారం అయ్యాక చెప్తాడట. మాటల కోసం వెతుక్కుని వెతుక్కుని, “ఆఖరి దాకా అక్కడే,” అంది.

బయట కైకె పిలుస్తోంది.

“గా ముచ్చట చెప్పేటప్పుడు మీ అమ్మ ఏడ్సిందా?” అని అడిగాడు.

ఈషా ఆలోచించింది. “లేదు. ఉప్మా వేసింది.”

ఆయన కుర్చీని ఒకసారి కుడిచేత్తో తడిమాడు. “తీస్కపో,” అన్నాడు. “ఆడ వెట్టినంక బ్రేకులెయ్యి, లేకుంటే జారిపోతది.”

గిరిజ ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటింది, చీకటి. ఆమె వెనకే అఖిలేష్ కారు ఆగింది. ఆమె తలుపు తీసి లైటు వేసింది. తండ్రి చెప్పుల బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి, కొక్కెం పట్టుకుని ఉన్నాడు. కుర్చీ లేదు. పిల్ల లేదు. ఆయన కాళ్ళ కింద పట్టా తడిసి ఉంది. బాత్రూముకు వెళ్ళే దారి లేక ఆయన అక్కడే కూర్చుండిపోయాడు.

“ఏమైంది బాపూ? కుర్చీ ఏది?” అంటూ ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. ఆయన ఆమెవైపు చూడలేదు. అఖిలేష్ మందుల సంచీ పక్కన పడేసి ఆయనను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. లోపలికి తీసుకెళ్ళి బట్టలు మార్చి, ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టాడు. ముసలాయన బొమ్మలా మార్పించుకున్నాడు.

అప్పుడే ఈషా వచ్చింది. చలికి చెంపలు ఎర్రగా కందిపోయి, ముఖం నిండా గెలుపు. కుర్చీ కుప్పలో ఉందనీ, తడవకుండా బస్టాపు కప్పు కింద పెట్టామనీ, రెండు బ్రేకులూ వేశాననీ జర్మన్‌లో గబగబా చెప్పింది. గిరిజకు ఒళ్ళు మండిపోయింది. నడవలేని మనిషి కాళ్ళు తీసుకెళ్ళి వీధిలో పెట్టి వచ్చావా, నీకసలు బుద్ధుందా, తాతయ్య ఎలా అయిపోయాడో చూశావా అని ఆమె కూడా జర్మన్‌లోనే విరుచుకుపడింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ వెనక్కి తగ్గలేదు. ఆయన మళ్ళీ రాడని నువ్వే అన్నావు, ఆఖరి దాకా అక్కడేనన్నావు, నేను విన్నాను, అందుకే ఇచ్చేశాను, రేపు ఏదీ తిరగదు అంది.

నోర్ముయ్ అంటూ గిరిజ చెయ్యెత్తింది. ఏడేళ్ళలో ఆ పిల్ల మీద ఆమె చెయ్యెత్తడం అదే మొదటిసారి.

“హోల్డాన్.”

పెద్దగా అనలేదు. కానీ ఘాటురోడ్డు మీద బండి ఆగిపోతే యాభై మందిని దింపి ఎక్కించిన గొంతు అది. గిరిజ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ మాటకు వీధిలో పరుగెత్తే కాళ్ళు ఆగిపోయేవి ఆమెవి. ఆ ఒంటికి ఆ మాట ఇంకా గుర్తుంది.

“తెలుగుల మాట్లాడుకోర్రి,” అన్నాడు దశరథం. “నేను గూడ ఈ ఇంట్లనే ఉన్న, రేపటిదాంక.”

గిరిజ ఒక్కసారిగా అంతా చెప్పుకొచ్చింది. గడువు సంగతి, లాయరమ్మ మాట, అక్కడ ఒంటరిగా ఉంచలేకపోవడం, ఆశ్రమంలో పగలూ రాత్రీ నర్సు ఉంటుందని. ఆయన అంతా విన్నాడు. డిపోలో మేనేజరు చెప్పే డ్యూటీ చార్టు విన్నట్టు విన్నాడు.

“గదంత నాకెరుకే. నువ్వు ఎంత తిరిగినవో నేను సూడలేదా? పంపుడు తప్పు గాదు బిడ్డ,” అన్నాడు. “మూడు నెలలు నా కంచం పక్కపొంటి కూసోని నా ముచ్చటే మాట్లాడుకున్నరు. నేను నవ్వుకుంట తిన్న. గీ బాస ఎంత మంచిగున్నది, నా బిడ్డ ఎంత మంచిగ మాట్లాడుతున్నదని మురుసుకుంట తిన్న.”

అఖిలేష్ తల కొట్టేసినట్టు నిలబడ్డాడు. తప్పు నాది కూడా మామయ్యా అన్నాడు. ఈషా మెల్లగా వెళ్ళి తాత మంచం పక్కన చేరింది.

గిరిజ తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. చచ్చుబడిన ఎడమపాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రోజూ పదిమంది పాదాలు అలాగే తీసుకుంటుంది. ఆ పాదంలో ప్రాణం ఎంతుందో, ఎంత లేదో ఆమె వేళ్ళకు తెలుసు. ఇక అబద్ధానికి చోటు లేదనిపించింది.

“నేనే అచ్చి నీ దగ్గర ఉండచ్చు బాపూ,” అంది. “కొలువు ఇడిసిపెట్టి ఉండచ్చు. వారం దినాలు గదే అనుకున్న. ఉంటలేను. పిల్లను, గీ బతుకును, ఇడిసి రాలేకపోతున్న. గా మాట నీకు తెలుగుల చెప్ప ధైర్యం సాలలే.”

వీసా, లాయరు, గడువు, ఇన్నాళ్ళూ ఆమె దాక్కున్న గోడలన్నీ ఆ ఒక్క మాటతో కూలిపోయాయి. వెనక మిగిలింది ఇదే. ఆమె ఎంచుకుంది. తండ్రిని కాదు. దశరథం ఆమె తల మీద కుడిచెయ్యి వేశాడు. నిమరలేదు, ఊరికే వేసి ఉంచాడు. అప్పుడు అడిగాడు.

“రోడ్డు కనవడ్తదా?”

“ఏంది బాపూ?”

“ఆ రూముల్నుంచి. రోడ్డు కనవడ్తదా, బస్సులు పోవుడు?”

గిరిజ ఆశ్రమంవాళ్ళు పంపిన ఫోటోలు యాభైసార్లు చూసింది. బాత్రూములో పట్టుకునే కడ్డీలు చూసింది, మంచం ఎత్తు చూసింది, గుమ్మం వెడల్పు చూసింది. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూడాలని తట్టలేదు.

“వెనకవైపు మామయ్యా,” అన్నాడు అఖిలేష్. “పొలాలు కనిపిస్తాయి.”

“మంచిదే,” అన్నాడు ఆయన.

కుర్చీ తెస్తానని అఖిలేష్ కోటు తొడుక్కోబోతే దశరథం వద్దన్నాడు. అది పిల్లల ఆట, పొద్దుగూకినాక తీస్తే వాళ్ళ మాట పోతుంది, తెల్లారినాకే తెచ్చుకుందామన్నాడు. ఆ ఒక్క పూటా ఎక్కడికీ కదలనని, ఇక్కడే ఉంటానని ఈషాతో చెప్పాడు. తర్వాత ఆ పిల్లనే అర దగ్గరికి పంపాడు. గడ్డం డబ్బా తెమ్మన్నాడు. కళ్ళజోడు తెమ్మన్నాడు. ఉన్ని టోపీ అక్కడి ఎండకు పనికిరాదు గానీ అదీ తెమ్మన్నాడు. చివరికి ఫోటో. ఒక్కొక్కటీ తనే చేతిలోకి తీసుకుని, తువ్వాలుతో తుడిచి, గిరిజకు ఇచ్చాడు. గిరిజ ఏడుస్తూ పెట్టెలో సర్దింది.

“మీ అమ్మను బట్టల నడుమ వెట్టు,” అన్నాడు. “అద్దం పలుగుతది.”

తెల్లారి ఎనిమిదిన్నరకు, ఆకాశం బూడిద రంగులోకి మారుతుండగా, అఖిలేష్ వెళ్ళి కుర్చీ తెచ్చాడు. సీటు మీద మంచు పేరుకోకుండా పిల్లలు ఎవరిదో రెయిన్‌కోటు కప్పి ఉంచారట. ఈషా గుమ్మంలో నిలబడి కుర్చీ చక్రాలను చూసింది. అవి మామూలుగానే తిరుగుతున్నాయి. నిన్నటి నుంచీ ఆ పిల్ల నమ్ముకున్నది అంతటితో అయిపోయింది. అయినా ఏడవలేదు. ఓడరేవులో తాతను తనే తోస్తానంది, సరేనన్నారు.

ఓడరేవులో ఆదివారం పొద్దుటి ఫేరీ సిద్ధంగా ఉంది. గాలి ముఖం మీద కొడుతోంది. ఫేరీలోకి ఎక్కడానికి ఇనుప వంతెన దించారు. క్రిస్మస్‌కు అవతలి ఊళ్ళకు వెళ్ళే జనం సామాన్లతో ఎక్కుతున్నారు. అఖిలేష్ రెండు పెట్టెలూ పట్టుకుని ముందు నడిచాడు. గిరిజ వంగి తండ్రి మెడకు మఫ్లరు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ఏం చెప్పాలో తెలియక మందులు వేళకు వేసుకోమంది. ఆయన వేసుకుంటానన్నాడు.

సరిగ్గా వంతెన మొదట్లో ఈషా కుర్చీ ఆపింది. కుడి బ్రేకు వేసింది. ఎడమ బ్రేకు వేసింది.

“తాతా, నువ్వు చెప్పు,” అంది. “హోల్డాన్ అంటే నేను తీయను. ఎవరు చెప్పినా తీయను.”

వెనక జనం ఆగారు. టిక్కెట్లు చూసే మనిషి ఏమైందని తల ఎత్తాడు. వంతెన మీద అఖిలేష్ వెనక్కి తిరిగి పెట్టెలు కింద పెట్టాడు. పిల్ల చేతులు రెండు బ్రేకుల మీద బిగుసుకున్నాయి. ఆ చేతులు విడిపించడం పెద్ద పని కాదు. కానీ గిరిజ కదలలేదు. ఒక్క మాట. ఆయన ఆ ఒక్క మాట అంటే తాను ఏం చేస్తుంది? అనాలని ఉంది ఆమెకు. అంటాడేమోనని భయంగా ఉంది. ఆ రెండూ ఒక్కసారే అనిపించాయి, ఆ భయమే ఎక్కువగా ఉంది, అది తనకే తెలిసింది.

దశరథం కూతురి ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్ళపాటు ముందున్న అద్దంలో వెనక కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసిన కళ్ళు అవి. ఎవరు దిగాలనుకుంటున్నారో, ఎవరు మాట బయటికి రాక ఊరుకున్నారో వాటికి తెలుసు. ఆయన పెదవులు కదిలాయి. గొంతు సవరించుకున్నాడు.

“రైట్ రైట్,” అన్నాడు.

ఈషా వినబడనట్టు నిలబడింది. ఆయన కుడిచేత్తో కుర్చీ పక్క మీద రెండుసార్లు తట్టాడు, బస్సు పక్క రేకు మీద కండక్టర్లు తట్టినట్టు.

“రైట్ రైట్ బిడ్డ. ఎనుక బండ్లు ఆగినయ్.”

రూలు రూలే. పిల్ల ఎడమ బ్రేకు తీసింది. కుడి బ్రేకు తీసింది. వంతెన మొదటి మలుపు దాకా తోసింది, అక్కడ అఖిలేష్ అందుకున్నాడు. దశరథం వెనక్కి తిరిగి చూడలేదు. మెడ అటువైపు తిరగదు ఆయనకు.

ఫేరీ కదిలి, బూడిదరంగు నీళ్ళల్లో చిన్నదై, దీపం కూడా కనిపించకుండా పోయేదాకా తల్లీ కూతుళ్ళు అక్కడే నిలబడ్డారు. గిరిజ వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి తనను క్షమించాడా లేదా అన్నది కాదు ఆమె బాధ. క్షమించాడు, తెలుసు. తనకు బదులు ఆ పొమ్మనే మాట కూడా తాను ఆయన చేతే పలికించింది. ఇక ఈ జన్మకు దాన్ని వెనక్కి తీసుకోలేదు.

“అమ్మా,” అంది ఈషా, తెలుగులోనే. “నాకు వినపడలేదని నేను చెప్పాల్సింది.”

గిరిజ ఆ పిల్లను దగ్గరికి లాక్కుని కోటులో పొదువుకుంది. ఇద్దరూ ఇంటిదారి పట్టేసరికి పూర్తిగా తెల్లవారింది. అగ్నిమాపక కేంద్రం ముందు జనం గుమిగూడి నవ్వుకుంటూ కుప్పలోంచి ఎవరి సైకిళ్ళు వాళ్ళు లాక్కుంటున్నారు. ఎక్కి తొక్కుకుంటూ ఇళ్ళకు పోతున్నారు.